ఊటీ ప్రయాణం: గేటు మూసే గంట నుంచి వెనక్కి లెక్క

బెంగళూరులో కాపురమున్న తెలుగు ఇళ్ళకు ఎండాకాలం సెలవుల్లో చుట్టాలు తప్పరు. అనంతపురం నుంచో కర్నూలు నుంచో అత్తమామలు, తోడికోడళ్ళ పిల్లలు దిగుతారు. లాల్‌బాగ్, విధానసౌధ, ఇస్కాన్ గుడి రెండు రోజుల్లో అయిపోతాయి. మూడోరోజు పొద్దున కాఫీ తాగుతూ ఎవరో ఒకరు "ఊటీ ఈ పక్కనే గదా" అంటారు. మైసూరు మీదుగా 270 కి.మీ. దూరం. కిలోమీటర్ల లెక్కన పక్కనే. కానీ ఈ దారికి కిలోమీటర్ల లెక్క పనికిరాదు. దారి మధ్యలో ఒక అడవి ఉంది, దానికి గేటు ఉంది, ఆ గేటుకు గడియారం ఉంది. ఆ తర్వాత ఒక కొండ ఉంది, దానికి గేరు లెక్క ఉంది. ఈ రెండూ తెలిసి బయల్దేరినవాళ్ళకు ఊటీ నిజంగా దగ్గరే. తెలియనివాళ్ళు ఆదివారం రాత్రి చెక్‌పోస్టు దగ్గర పిల్లల్ని కార్లో పడుకోబెట్టుకుని తెల్లవారేదాకా కూర్చుంటారు.

బందీపూర్ అడవిలోంచి రెండు జాతీయ రహదారులు పోతాయి. గుండ్లుపేట నుంచి ముదుమలై, గూడలూరు మీదుగా ఊటీ వెళ్ళేది 181. వయనాడ్ వైపు తిరిగేది 766. ఈ రెండింటి మీదా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు తిరగకూడదు. 2009 నుంచి అమల్లో ఉన్న నిషేధం ఇది. అంబులెన్సులు, ముందే అనుమతి ఉన్న కొన్ని బస్సులు తప్ప ఇంకెవరినీ వదలరు. బతిమాలినా లాభం లేదు, ఉండకూడదు కూడా. హెడ్‌లైటు వెలుగు కళ్ళలో పడ్డ జింక పరిగెత్తదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. ఏనుగులు నీళ్ళకోసం రోడ్డు దాటేది ఎక్కువగా చీకటిపడ్డాకే. ఆ తొమ్మిది గంటలు రోడ్డు వాటిది.

అందుకే ఈ ప్రయాణాన్ని ఇంటి దగ్గర నుంచి ముందుకు కాకుండా, గేటు మూసే గంట నుంచి వెనక్కి లెక్కేయాలి. తిరుగుదారి చూద్దాం. ఊటీ నుంచి గూడలూరు 50 కి.మీ., మామూలు రోజైతే గంటన్నర నుంచి రెండు గంటలు. అక్కడి నుంచి ముదుమలై అడవిలోని తెప్పకాడు మీదుగా కర్ణాటక సరిహద్దులోని కక్కనహళ్ళ చెక్‌పోస్టుకు ముప్పావు గంట. బందీపూర్ దాటి అడవి బయట పడడానికి ఇంకో ముప్పావు గంట. మొత్తం మూడున్నర గంటలు. అంటే సాయంత్రం 5:30కి బయల్దేరినా చాలని కాగితం చెబుతుంది. కానీ ఆదివారం మధ్యాహ్నం పైకారా, నడువట్టం దగ్గర బండ్లు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోతాయి. ఒక టూరిస్టు బస్సు మలుపులో ఇరుక్కుంటే చాలు, గంట పోతుంది. మధ్యాహ్నం 2 దాటకుండా ఊటీ వదలడం క్షేమం, 3 దాటితే జూదమే. అన్నిటికన్నా మేలు, పొద్దున టిఫిన్ కాగానే బయల్దేరడం.

వెళ్ళేటప్పుడూ అంతే. శుక్రవారం ఆఫీసు అయ్యాక మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో కారెక్కితే ఊరు దాటడానికే రెండు గంటలు. రాత్రి 9 లోపు బందీపూర్ చేరడం జరిగే పని కాదు. అలా బయల్దేరాలనుకుంటే మైసూరులోనో గుండ్లుపేటలోనో రాత్రికి గది ముందే చూసుకుని, తెల్లారి 6కి గేటు తీసేసరికి అక్కడుండాలి. లేదంటే శనివారం తెల్లవారుజామున 4:30కి ఇల్లు వదిలితే, 118 కి.మీ. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ఏడు లోపు అయిపోతుంది, తొమ్మిదికల్లా గుండ్లుపేట దాటొచ్చు. బైకుల మీద వెళ్ళే కుర్రాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. 2023 ఆగస్టు 1 నుంచి ఆ ఎక్స్‌ప్రెస్‌వే అసలు దారిలోకి ద్విచక్ర వాహనాలను, ఆటోలను రానివ్వడం లేదు, పక్కనున్న సర్వీసు రోడ్డే దిక్కు. దానికి ఇంకో గంట కలుపుకోవాలి.

అడవి గేటు లేని దారి కావాలంటే సేలం, భవాని, అవినాశి, మేట్టుపాళయం మీదుగా కూనూరు, అక్కడి నుంచి ఊటీ ఎక్కొచ్చు. కానీ దూరం 400 కి.మీ.కు దగ్గరపడుతుంది. సత్యమంగళం అడవిలోని ధింబం ఘాట్ దగ్గరదారి అని కొందరు చెబుతారు. అందులో 27 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, రాత్రి నిషేధం అక్కడా ఉంది. కాబట్టి అది తప్పించుకునే దారి కాదు.

కాగితాల సంగతి కూడా ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ ఉన్న నీలగిరి జిల్లాలోకి వచ్చే బయటి వాహనాలకు ఇ-పాస్ తప్పనిసరి అయింది. తమిళనాడు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు, బండి నంబరు, వచ్చే తేదీ, బస చేసే చోటు నింపితే క్యూఆర్ కోడ్ వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. 2025 వేసవిలో కోర్టు దీనికి పరిమితి కూడా పెట్టింది: మామూలు రోజుల్లో 6,000 వాహనాలు, శని ఆదివారాల్లో 8,000. అంటే మే నెల శనివారానికి శుక్రవారం రాత్రి పాస్ వెతికితే దొరక్కపోవచ్చు. గది బుక్ చేసే ముందే పాస్ తీసుకోవాలి, చాలామంది తిరగేసి చేస్తారు. ప్రభుత్వ బస్సులోనో రైల్లోనో వెళ్ళేవాళ్ళకు ఈ పాస్ అవసరం లేదు. బెంగళూరు నుంచి క్యాబ్ మాట్లాడుకుంటే, తమిళనాడు పర్మిట్ డబ్బు చెప్పిన కిరాయిలోనే ఉందా, విడిగా కట్టాలా అని ముందే అడగాలి. సరిహద్దులో అరగంట వాదన ఎక్కువగా దీని గురించే. మరో ముఖ్యమైన విషయం ప్లాస్టిక్. నీలగిరిలో చిన్న ప్లాస్టిక్ నీళ్ళ బాటిళ్ళు నిషేధం. చెక్‌పోస్టులో డిక్కీ తెరిచి చూస్తారు, దొరికితే జరిమానా. స్టీలు బాటిళ్ళు నింపుకుని వెళ్ళాలి, మళ్ళీ నింపుకోవడానికి దారిపొడవునా నీటి ఏటీఎంలు పెట్టారు.

కొండ ఎక్కడం, దిగడం

ఈ దారి ఎత్తుల లెక్క విచిత్రంగా ఉంటుంది. బెంగళూరు 920 మీటర్ల ఎత్తులో ఉంది. మైసూరు అంతకన్నా కిందే. ముదుమలై చేరేసరికి మళ్ళీ బెంగళూరు అంత ఎత్తులోనే ఉంటాం. 220 కి.మీ. వెళ్ళినా కొండ ఎక్కినట్టే ఉండదు. ఊటీ 2,240 మీటర్లు. ఆ 1,300 మీటర్ల ఎక్కుడంతా ఆఖరి ముక్కలోనే ఉంది. తెప్పకాడు దగ్గర దారి రెండుగా చీలుతుంది. గూడలూరు మీదుగా వెళ్తే ఆ ఎక్కుడు 50 కి.మీ. మీద పరుచుకుని ఉంటుంది. మసినగుడి మీదుగా కల్లట్టి ఘాట్ ఎక్కితే దూరం సగానికి సగం తగ్గుతుంది కానీ, అదే ఎక్కుడు పదమూడు పద్నాలుగు కిలోమీటర్లలో, 36 హెయిర్‌పిన్ మలుపుల్లో కుదించి ఉంటుంది.

కల్లట్టి ఎక్కేటప్పుడు చెడేది క్లచ్. మలుపులో ముందు బండి ఆగుతుంది, వెనక్కి జారకుండా డ్రైవరు సగం క్లచ్ మీద పట్టి ఉంచుతాడు, నాలుగైదు మలుపులయ్యాక కాలిన వాసన వస్తుంది. ఆగిన ప్రతిసారీ హ్యాండ్‌బ్రేకు వేసి, కదిలేటప్పుడు మొదటి గేరులో ఆక్సిలరేటర్ ఇస్తూ హ్యాండ్‌బ్రేకు వదిలితే ఆ బెడద ఉండదు. ముందు బండికి, మన బండికి మధ్య ఒక పూర్తి మలుపు ఖాళీ ఉంచితే అసలు మలుపులో ఆగే పనే పడదు. కొండ రోడ్డు ఇరుకైన చోట ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలన్నది మోటారు చట్టం నియమం. దిగేవాళ్ళు చాలామందికి ఇది తెలియదు.

దిగడం అంతకన్నా ప్రమాదం. కల్లట్టి మీద ఎన్నో ప్రాణాలు పోయింది దిగేటప్పుడే. అందుకే జిల్లా బయటి బండ్లను ఆ దారిలో ఎక్కనిస్తారు కానీ దిగనివ్వరు, దిగేవాళ్ళు గూడలూరు మీదుగానే రావాలి. కారణం లెక్కేసి చూస్తే భయం వేస్తుంది. మనుషులు, సామాను కలిపి 1,500 కిలోల కారు 1,200 మీటర్లు కిందికి దిగితే, ఆ ఎత్తులో దాగి ఉన్న శక్తంతా వేడిగా మారాలి. ఆ వేడి 50 లీటర్ల చన్నీళ్ళను మరిగించగలదు. కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే ఆ వేడంతా నాలుగు చక్రాల దగ్గరున్న చిన్న ఇనుప పళ్ళేల్లోకి, ప్యాడ్లలోకి వెళ్ళాలి. ముందు ప్యాడ్లు పట్టు కోల్పోతాయి. ఎంత నొక్కినా బండి ఆగనట్టు అనిపించడం మొదలవుతుంది. తర్వాత బ్రేకు ఆయిలు మరుగుతుంది. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, రెండు మూడేళ్ళుగా మార్చని ఆయిలు చాలా ముందే మరుగుతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరతాయి, పెడల్ మెత్తగా అడుగుదాకా దిగిపోతుంది. అప్పుడిక చేసేదేమీ ఉండదు.

దీనికి మందు ఇంజను. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి, మామూలు కార్లలో రెండోది, బాగా వాలున్న చోట మొదటిది. ఆటోమేటిక్ బండ్లలో డి లో వదిలేయకుండా ఎల్ లోనో, మాన్యువల్ మోడ్‌లో రెండో గేరులోనో పెట్టాలి. మలుపుకు ముందు బ్రేకు గట్టిగా ఒకసారి నొక్కి వదలాలి, ఆనుతూ ఉండకూడదు. ఇంజను ఆపి న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందనుకునే డ్రైవర్లు ఇంకా ఉన్నారు. అలాంటివాళ్ళ బండిలోంచి దిగిపోవడమే మంచిది. కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట పక్కకు ఆపి, గేరులో ఉంచి, చక్రాలకు రాళ్ళు పెట్టి, అరగంట చల్లారనివ్వాలి. వేడి డిస్కుల మీద నీళ్ళు పోస్తే వంకరపోతాయి, పగలవచ్చు కూడా. విద్యుత్ కార్లకు ఇక్కడో మెలిక ఉంది. దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీ నింపుతుంది, కానీ ఊటీలో నూటికి నూరు ఛార్జి చేసి బయల్దేరితే నింపుకునే చోటే ఉండదు, ఆ సాయం దాదాపు పోతుంది. ఎనభై దగ్గర ఆపి దిగాలి.

దొరల ఊరు

ఇంత దారి దాటి చేరిన ఊరిని చాలామంది పడవ, చాక్లెట్, గుర్రం మధ్య మూడు గంటల్లో ముగించేస్తారు. అది బాధాకరం, ఎందుకంటే రెండు వందల ఏళ్ళ కిందట బ్రిటిషు పాలనాయంత్రం కొండ మీద తన దేశాన్ని తిరిగి కట్టుకున్న చోటు ఇది, ఆ అతుకులు ఇప్పటికీ కంటికి కనిపిస్తాయి. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1819లో ఈ కొండలెక్కాడు. కొన్నేళ్ళకే ఇక్కడి గిరిజనులైన తోడల మేత భూముల్లో స్టోన్‌హౌస్ కట్టించాడు. స్థానికులు దాన్ని కల్ బంగ్లా అన్నారు, ఇప్పుడు ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఆవరణలో ఉంది. వాగుకు అడ్డకట్ట వేయించి చెరువు చేయించింది కూడా ఆయనే. ఆ చెరువు అప్పుడు ఇంతకన్నా చాలా పెద్దది. పూడిపోయిన మేర మీదే ఇప్పటి బస్టాండు, రేసుకోర్సు ఉన్నాయి. బస్సు దిగినవాళ్ళు నిలబడేది పాత చెరువు అడుగునే.

1834లో ఇంగ్లీషు చదువులకు పేరుపడ్డ దొర మెకాలే మద్రాసులో ఓడ దిగి, పల్లకీలో బెంగళూరు, శ్రీరంగపట్నం, మైసూరు మీదుగా ఈ కొండకే వచ్చాడు, గవర్నర్ జనరల్ బెంటింక్ ఇక్కడున్నాడు కాబట్టి. దారి ఇంచుమించు మనదే, కాకపోతే మోసినవాళ్ళు మనుషులు. ఆ తర్వాత మద్రాసు ప్రభుత్వం ఎండాకాలమంతా ఇక్కడి నుంచే నడిచేది. రాయలసీమ, కోస్తా జిల్లాలు కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ అనే ఆ రాష్ట్రంలోవే. బళ్ళారి కరువు కాగితమైనా గోదావరి కాలువ కాగితమైనా ఆ నెలల్లో ఈ చలిలోనే సంతకమయ్యేది.

సెయింట్ స్టీఫెన్స్ చర్చికి 1829లో పునాది వేశారు. దాని దూలాల కలప శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ భవనం విప్పి తెచ్చినది. పొద్దున ఎక్స్‌ప్రెస్‌వే మీద దాటి వచ్చిన ఊరి రాజభవనం కర్ర, సాయంత్రం ఈ చర్చి కప్పు కింద నిలబడి తలెత్తితే కనిపిస్తుంది. ఆ నల్లటి దూలాల లావు చూస్తే, దారి లేని కొండ మీదికి వాటిని ఎలా చేర్చారా అనిపిస్తుంది. వెనక వాలు మీది సమాధుల్లో సల్లివాన్ భార్య, కూతురు ఉన్నారు. రాతి పలకల మీద వయసులు చదివితే, ఆరోగ్యం కోసం కట్టుకున్న ఊరు ఎంతమంది పసివాళ్ళను కాపాడలేకపోయిందో తెలుస్తుంది. చర్చి నుంచి నీలగిరి లైబ్రరీ ఎర్ర భవనం, పాత న్యాయస్థానం, చారింగ్ క్రాస్ ఫౌంటెన్ నడిచే దూరంలోనే ఉన్నాయి. ఉదయం 8 నుంచి 10 లోపు నడవాలి, ఆ తర్వాత కమర్షియల్ రోడ్డు హారన్లది. స్నూకర్ నియమాలు 1882లో గోడకెక్కిన ఊటీ క్లబ్ సభ్యులకే, గేటు దగ్గర అడిగి మొహం చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

బొటానికల్ గార్డెన్‌ను 1848 ప్రాంతంలో మెకైవర్ అనే తోటపని నిపుణుడు 22 హెక్టార్ల వాలు మీద తీర్చాడు. రాయిగా మారిన రెండు కోట్ల ఏళ్ళ నాటి చెట్టు మాను ఉన్నది ఇక్కడే. మలేరియా మందు క్వినైన్ కోసం సింకోనా చెట్లను ఈ కొండల మీద పెంచింది కూడా ఆయనే. తోట పైకొసకు ఎక్కితే తోడల ఊరు కనిపిస్తుంది, వాళ్ళు దాన్ని మందు అంటారు. ఊటీ పూర్తి పేరు ఊటకమందులో ఉన్న మందు అదే. పీపాను నిలువుగా కోసి బోర్లించినట్టు వెదురు, పేము, గడ్డితో కట్టే వాళ్ళ గుడికి మనిషి పాక్కుంటూ దూరేంత ద్వారమే ఉంటుంది. దగ్గరికి వెళ్ళకూడదు, ఫోటోకు ముందు అడగాలి. నలుపు, ఎరుపు ఊలుదారాలతో వాళ్ళు కుట్టే శాలువాకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అసలుదైతే దారాలు లెక్కపెట్టి కుట్టింది కాబట్టి రెండువైపులా నీటుగా ఉంటుంది. బజారులో యంత్రం మీద చేసిన నకలు తిరగేసి చూస్తే దారపు పోగులు వేలాడతాయి.

ఊటీలో పచ్చగా కనిపించేదంతా అడవి కాదు. మనం జలుబుకు రాసుకునే నీలగిరి తైలం పేరు చూసి ఆ చెట్టు ఈ కొండదే అనుకుంటాం. అది ఆస్ట్రేలియా నుంచి 1840లలో వంటచెరకు కోసం వచ్చింది. తెలుగులో మాత్రం కొండ పేరే చెట్టు పేరైపోయింది. తేయాకు, వ్యాటిల్ చెట్టు, క్యారెట్, క్యాబేజీ అన్నీ తెచ్చి నాటినవే. కొండ అసలు రూపం వేరు: లోయల్లో పొట్టిగా, దట్టంగా ఉండే షోలా అడవి, పైన గడ్డి మైదానం. వాననీటిని స్పాంజిలా పట్టి ఏడాదంతా వాగుల్లోకి వదిలేది ఆ గడ్డే. అది ఎక్కువగా మిగిలింది 78 చ.కి.మీ. ముకుర్తి జాతీయ ఉద్యానంలో, తమిళనాడు రాష్ట్ర జంతువు, నీలగిరి తార్ అనే కొండమేక ఉండేచోట. అక్కడికి మామూలు పర్యాటకులను పంపరు. కానీ అవలాంచి నుంచి అటవీ శాఖ వ్యాన్లలో వెళ్తే షోలా, గడ్డి పక్కపక్కనే ఎలా ఉంటాయో కనిపిస్తుంది. ఊటీలో ఒక్క పూటే ఉంటే, పడవ మానేసి ఈ వ్యాన్ ఎక్కడం మేలు.

పళ్ళ పట్టా రైలు

మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా 1899లో, అక్కడి నుంచి ఊటీ దాకా 1908లో వచ్చిన 46 కి.మీ. మీటరు గేజి కొండ రైలు లైను ఇది. 16 సొరంగాలు, 250 వంతెనలు, 208 మలుపులు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కల్లార్ దాటాక ప్రతి 12 మీటర్లకు ఒక మీటరు ఎక్కాలి. నున్నటి ఇనుప చక్రం నున్నటి పట్టా మీద అంత వాలు ఎక్కలేదు, జారుతుంది. అందుకే రెండు పట్టాల నడుమ పళ్ళున్న రెండు ఇనుప కడ్డీలు పక్కపక్కనే బిగించారు. వాటి పళ్ళు ఒకదానికొకటి సగం జరిగి ఉంటాయి, ఇంజను కింది పళ్ళ చక్రానికి ఏ క్షణమైనా ఏదో ఒక పన్ను దొరికి ఉంటుంది. స్విస్ నమూనా ఆవిరి ఇంజనుకు నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలను తిప్పుతాయి, అక్కడ వాడేసిన ఆవిరి వృథా పోకుండా మిగతా రెండింటిలోకి వెళ్ళి పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. ఎక్కేటప్పుడు ఇంజను ముందుండి లాగదు, వెనక నుంచి నెడుతుంది. లంకె తెగినా పెట్టెలు కిందికి జారిపోకుండా అలా. ప్రతి పెట్టె చివరా బ్రేకు మనిషి నిలబడి ఉంటాడు.

మేట్టుపాళయంలో ఉదయం 7:10కి బయల్దేరి మధ్యాహ్నానికి ఊటీ చేరుతుంది. చెన్నై వాళ్ళకు రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి నేరుగా ఈ రైలు అందుతుంది. బెంగళూరు వాళ్ళు ముందురోజు కోయంబత్తూరులోనో మేట్టుపాళయంలోనో పడుకోవాలి. టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, సెలవుల తేదీలు వెంటనే అయిపోతాయి. దొరక్కపోతే బెంగ అక్కర్లేదు, ఊటీ నుంచి కూనూరు దాకా రోజుకు కొన్ని రైళ్ళు తిరుగుతాయి. లవ్‌డేల్, కేత్తి లోయ మీదుగా గంటకు పైగా పడుతుంది, పెద్దవాళ్ళకు ఇదే సుఖం. కాకపోతే ఆ ముక్కలో డీజిల్ ఇంజను, పళ్ళ కడ్డీ ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో కల్లార్-కూనూరు మధ్య కొండచరియలు పడి రైలు రోజుల తరబడి ఆగుతుంది. ఆ నెలల్లో దీనికోసమే ప్రయాణం పెట్టుకోకూడదు. జూన్, జూలై, ఆగస్టు వాన దెబ్బ మరోవైపు, గూడలూరు, అవలాంచి దిక్కున. 2019 ఆగస్టులో అవలాంచిలో ఒక్కరోజులోనే 80 సెం.మీ. పైగా కురిసింది. వానలు వెనకబట్టిన జనవరి, ఫిబ్రవరి అన్నిటికన్నా తేటగా ఉంటాయి, తెల్లవారుజామున పల్లాల్లో గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. బెంగళూరు స్వెటరు చాలదు, ఉన్ని టోపీ కావాలి. బీపీ, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళకు మొదటిరోజు ఆయాసం సహజం. 2,637 మీటర్ల దొడ్డబెట్ట శిఖరం రెండోరోజుకు ఉంచాలి, అదీ మబ్బు కమ్మకముందే పొద్దున్నే.

అడవిలో

బందీపూర్ 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు ఎంచిన తొమ్మిదిట్లో ఒకటి. ముదుమలై, నాగరహొళె, వయనాడ్ దానికి కలిసే ఉంటాయి, అన్నీ 1986లో దేశంలో తొలి జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన నీలగిరిలోవే. పులిని చూపిస్తామనే మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు. అధికారిక సఫారీ బందీపూర్ వైపు అటవీ శాఖ, కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ బండ్లలో, ముదుమలై వైపు తెప్పకాడు నుంచి అటవీ శాఖ బండ్లలో మాత్రమే. మంటల కాలంలో, మనుషుల మీద జంతువుల దాడులు పెరిగినప్పుడు సఫారీలు ఆపేస్తారు, వెళ్ళే వారంలోనే ఫోను చేసి కనుక్కోవాలి. మసినగుడిలో రాత్రి జీపు సఫారీ అని పిలిచేది చట్టవిరుద్ధం. అక్కడ గది తీసుకునే ముందు అది అనుమతి ఉన్నదో కాదో కూడా అడగాలి. మసినగుడి పక్కనున్న సీగూరు ఏనుగుల దారిలో కట్టిన రిసార్టుల మీద 2020లో సుప్రీంకోర్టు ఏనుగుల పక్షానే తీర్పిచ్చింది. తెప్పకాడు శిబిరంలో పొద్దున, సాయంత్రం ఏనుగులకు రాగి ముద్దలు, బియ్యం ముద్దలు పెట్టడం చూడొచ్చు. పిల్లలకు పులికన్నా అదే గుర్తుండిపోతుంది.

రోడ్డు మీద ఏనుగు ఎదురైతే కనీసం యాభై మీటర్ల దూరంలో ఆగి, ఇంజను ఆపకుండా, హారను కొట్టకుండా కూర్చోవాలి. ముందు ఆగిన బండిని దాటి వెళ్ళకూడదు. అలా దాటితే ఆ బండి వెనక్కి వచ్చే దారి మూసినట్టే. చెవులు విసరడం ఆపి తల ఎత్తి నిలబడితే అది హెచ్చరిక, అప్పుడు నెమ్మదిగా వెనక్కి తీయాలి. కోతులకు అరటిపండు విసిరితే అవి రోడ్డుకు అలవాటుపడి చక్రాల కింద పడతాయి.

ఇంత లెక్క వేసుకున్నా ఏదో ఒకటి అడ్డంపడి తొమ్మిది దాటిపోవచ్చు. అప్పుడు గేటు దగ్గర కార్లో పడుకోకుండా గూడలూరు వెనక్కి వెళ్ళి గది తీసుకోవాలి. ఆ ఊళ్ళో గదులు ఊటీకన్నా చవక. అలారం 4:45కి పెట్టుకుని, 6కి గేటు తీసేసరికి వరసలో ఉండాలి. ఆ మొదటి అరగంటలో మంచు ఇంకా రోడ్డు మీదే ఉంటుంది, చుక్కల జింకలు తారు వెచ్చదనానికి అంచునే పడుకుని ఉంటాయి. అద్దాలు ఎత్తి, లైట్లు కిందికి దించి, ముప్పై దాటకుండా పోతే తొమ్మిదికల్లా మైసూరులో ఇడ్లీ తినొచ్చు.